బైక్ మెకానిక్ షాపులో రేటు కట్టడం, కస్టమర్ ఒప్పుకోలు తీసుకోవడం: బండి దించుకున్నప్పటి నుంచి బిల్లు ఇచ్చే దాకా

మెకానిక్ షాపు దగ్గర గొంతులు లేచాయంటే చాలాసార్లు కారణం ఒకటే: ఎంతవుతుందో కస్టమర్‌కి పని అయిపోయాక తెలిసింది. 1,800 రూపాయల పని న్యాయంగానే చేసి ఉండొచ్చు. 600 అవుతుందనుకుని వచ్చిన మనిషికి మాత్రం అది మోసంలాగే కనిపిస్తుంది. అదే 1,800 ఉదయం పదకొండింటికి ఫోన్‌లో చెప్పి, అరిగిన పార్ట్ ఫోటో పంపి, "చేయమంటారా?" అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లు బండి తీసుకెళ్తారు, గొడవ ఉండదు.

ఒకరి నుంచి నలుగురి దాకా పనిచేసే షాపులకు, 100 నుంచి 200 సీసీ బైకులు, స్కూటర్లు చూసేవాళ్లకు ఇది పనికొస్తుంది. ఇందులోని రూపాయల అంకెలన్నీ లెక్క చూపడానికి వేసిన ఉదాహరణలే. మీ ఊరి అద్దె, మీ జీతాలు పెట్టి మళ్లీ కట్టుకోండి.

1. ముందు గంట ఖరీదు తేల్చండి

పక్క షాపువాడు 200 తీసుకుంటున్నాడు కాబట్టి మనమూ 200 అనుకోవడం దగ్గరే నష్టం మొదలవుతుంది. అతనిది సొంత షెడ్డు కావచ్చు, మీది అద్దె షెడ్డు కావచ్చు.

నెల ఖర్చులు ఒక కాగితం మీద రాయండి. అద్దె 12,000, కరెంటు 2,500, మెకానిక్ జీతం 20,000, హెల్పర్‌కి 14,000, మీ సొంత జీతం 25,000, గ్రీజు, గుడ్డలు, పెట్రోలు, ఫోను వగైరా 5,500, పనిముట్ల అరుగుదలకు పక్కన పెట్టేది 6,000. మొత్తం 85,000. మీ జీతం ఇందులో రాయకపోతే లెక్కంతా తప్పుతుంది. మిగిలిందే నా జీతం అనుకునే షాపులు ఏళ్ల తరబడి నడుస్తాయి కానీ ఒక కంప్రెసర్ కొనాలన్నా అప్పు చేస్తాయి.

ఇప్పుడు బిల్లు వేయగల గంటలు. నెలకు 26 రోజులు, రోజుకు 9 గంటలు అనుకుంటే మనిషికి 234 గంటలు. అందులో స్పేర్ల కోసం తిరగడం, ఫోన్లు, ఖాళీ మధ్యాహ్నాలు పోతాయి. మెకానిక్‌వి 65 శాతం, అంటే 152 గంటలు లెక్కలోకి వస్తాయి. కౌంటర్ చూసుకునే మీవి 76, హెల్పర్‌వి 52. మొత్తం 280.

85,000ని 280తో భాగిస్తే గంటకు దాదాపు 304 రూపాయలు. ఇది అసలు ఖర్చు మాత్రమే. దానిమీద 15 శాతం కలిపితే 350. ఇకమీదట లేబర్ ఏదైనా ఈ 350 నుంచే పుట్టాలి.

2. లేబర్ పట్టిక గోడకు పెట్టండి

రోజూ వచ్చే పనులు పాతిక ముప్పై ఉంటాయి. జనరల్ సర్వీసింగ్, చైన్ సెట్, బ్రేక్ షూలు, డిస్క్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, క్లచ్ కేబుల్, కోన్ సెట్ (హ్యాండిల్ బేరింగులు), ఫోర్క్ ఆయిల్ సీల్స్, కార్బురేటర్ క్లీనింగ్, స్కూటర్ బెల్టు, రోలర్లు. ఒక్కొక్క పనికి మీ షాపులో సగటున ఎంతసేపు పడుతుందో రెండు వారాలు గడియారం చూసి రాయండి. చైన్ సెట్‌కి 45 నిమిషాలు పడితే లేబర్ 260. జనరల్ సర్వీసింగ్‌కి గంటన్నర అయితే 525.

బాగా తుప్పు పట్టిన బండికి, విరిగిన బోల్టు తీయాల్సిన బండికి ఈ రేటు వర్తించదని పట్టిక కిందే రాయండి. సైలెన్సర్ స్టడ్డు విరిగితే పది నిమిషాల పని రెండు గంటలవుతుంది. ఆ సంగతి ముందే రాసి లేకపోతే ఆ రెండు గంటలు మీ ఖాతాలో పడతాయి.

ఒకే చోట రెండు పనులు కలిసినప్పుడు లేబర్ రెండుసార్లు వేయకూడదు. చైన్ సెట్ కోసం వెనక చక్రం ఎలాగూ ఊడుతుంది. అదే సమయంలో బ్రేక్ షూలు మారిస్తే మామూలు 180 కాకుండా 90 చాలు. కస్టమర్లకు ఈ తేడా బాగా అర్థమవుతుంది. పూర్తి 180 వేస్తే, బండి గురించి తెలిసిన మనిషి ఇంకెప్పుడూ మీ దగ్గరికి రాడు, ఎందుకు రాలేదో చెప్పడు కూడా.

3. స్పేర్ల ధర

ప్యాకెట్ మీద ఉన్న ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాన్ని మించి అమ్మడం చట్టవిరుద్ధం, దానిమీద మళ్లీ జీఎస్టీ కలపడమూ అంతే. మీ లాభం హోల్‌సేల్‌లో దొరికే తగ్గింపులోంచి రావాలి. ప్యాకెట్‌ని చింపి పారేయకండి, బిల్లుతో పాటు ఇచ్చేయండి. ఎంఆర్‌పీ, పార్ట్ నంబరు, తయారీ తేదీ అన్నీ దానిమీదే ఉంటాయి, అనుమానానికి చోటుండదు.

కంపెనీ పార్ట్, పేరున్న వేరే బ్రాండు, లోకల్ మాల్ మూడూ దొరికే చోట రెండు ధరలైనా చెప్పండి. తేడా డబ్బులో మాత్రమే కాదని కూడా చెప్పాలి. లోకల్ చైన్ సెట్ చవగ్గా వస్తుంది కానీ త్వరగా సాగుతుంది, మాటిమాటికీ టైట్ చేయించుకోవాలి. బ్రేకులు, బేరింగులు, క్లచ్ విషయంలో లోకల్ మాల్ వేయనని బోర్డు పెట్టే షాపులున్నాయి. అది మంచి పద్ధతి.

ఆన్‌లైన్‌లో కొన్న పార్ట్ తెచ్చి "లేబర్ తీసుకుని వేయండి" అనేవాళ్లు పెరిగారు. కాదనక్కర్లేదు. స్పేరు మీద రావాల్సిన లాభం పోతుంది కాబట్టి లేబర్ 20–25 శాతం ఎక్కువని, పార్ట్ పాడైతే తిరిగి విప్పే లేబర్ కూడా పడుతుందని వేయకముందే జాబ్ కార్డు (బండి వివరాలు, చేయాల్సిన పని రాసుకునే కాగితం) మీద రాయించండి. సరిపోని పార్ట్ బిగించి చూశాక అది వెనక్కి పోదు, కాబట్టి పాత దాని పక్కన పెట్టి కొలిచాకే ప్యాకెట్ విప్పండి.

ఆయిల్ దగ్గర కూడా నమ్మకం పోతుంది. యాక్టివా లాంటి 110 సీసీ స్కూటర్‌కి ఆయిల్ మార్చేటప్పుడు ఇంచుమించు 650–700 మిల్లీలీటర్లే పడుతుంది. లీటరు డబ్బాకి డబ్బు తీసుకుంటే మిగిలింది కస్టమర్‌దే, డబ్బా అతని చేతికే ఇవ్వాలి. ఏ గ్రేడు పోశారో బిల్లులో రాయండి. గేర్ల బండికి జాసో ఎంఏ రకం, స్కూటర్‌కి ఎంబీ రకం. స్కూటర్ ఆయిల్ గేర్ల బండిలో పోస్తే క్లచ్ జారొచ్చు. తర్వాత ఎవరు ఏం పోశారనే తగాదా వస్తే ఆ బిల్లే సాక్ష్యం.

4. బండి దించుకునేటప్పుడు జాబ్ కార్డు

ఇది అయిదు నిమిషాల పని. రద్దీలో మానేసేదీ ఇదే. కార్డులో ఉండాల్సినవి:

- పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు, ఓడోమీటర్ రీడింగు, పెట్రోలు ఎంత ఉంది
- కంప్లైంటు కస్టమర్ మాటల్లోనే: "మూడో గేర్లో కొట్టుకుంటోంది", "పొద్దున సెల్ఫ్ తీసుకోదు"
- ఉన్న గీతలు, సొట్టలు, విరిగిన ఇండికేటర్, లేని అద్దం
- డిక్కీలో ఉన్నవి: ఆర్‌సీ, టూల్ కిట్, రెయిన్ కోటు
- ఎంత మొత్తం దాకా అడగకుండా చేయొచ్చు
- డబ్బు విషయంలో సరే అనాల్సింది ఎవరు

నాలుగు వైపులా ఫోటోలు, మీటరు ఫోటో తీసి కస్టమర్‌కే వాట్సాప్‌లో పంపండి. తారీఖు, సమయం దానంతట అదే నమోదవుతుంది.

చివరి రెండు అంశాలే అసలైనవి. "300 దాకా చిన్నాచితకా ఏదున్నా చేసేయండి, దాటితే ఫోన్ చేయండి" అని ఒక హద్దు గీయించుకుంటే బల్బుకీ, కేబులుకీ ఫోన్ చేసే పని తప్పుతుంది. ఇక ఎవరు సరే అనాలన్నది మన దగ్గర తప్పక అడగాల్సిన మాట. కొడుకు బండి తెస్తాడు, "అన్నీ చేసేయ్ అన్నా" అంటాడు, సాయంత్రం డబ్బులివ్వడానికి నాన్న వస్తారు. ఆయనకి ఆ మాట తెలియదు. డెలివరీ బండ్లకైతే నడిపేది ఒకరు, యజమాని ఇంకొకరు. డబ్బిచ్చే మనిషి నంబరు కార్డు మీద ఉండాలి, మెసేజ్ అక్కడికే పోవాలి.

వీలైతే కస్టమర్‌ని ఎక్కించుకుని వీధి చివరి దాకా ట్రయల్ వేయండి. అతను చెప్పే చప్పుడూ, మీరు వినే చప్పుడూ ఒకటేనా అన్నది అక్కడే తేలుతుంది. చైన్ చప్పుడని రాసుకుని చైన్ సెట్ మారిస్తే, అతను చెప్పింది వెనక చక్రం బేరింగు గురించి అయితే ఆ 1,400 ఎవరు పెట్టుకోవాలి?

5. చూడ్డానికి కూడా డబ్బు తీసుకోవాలి

లోపం వెతకడమే చాలా పనుల్లో సగం శ్రమ. దాన్ని ఉచితంగా చేసి, ఆ నష్టాన్ని స్పేర్లలో రాబట్టుకోవడం వల్లే అక్కర్లేని పార్టులు మార్చే అలవాటు పుడుతుంది. బయటికి కనిపించే లోపానికి ఏమీ తీసుకోవద్దు. విప్పి చూడాల్సినవాటికి, కరెంటు లోపాలకు, మాటిమాటికీ వచ్చిపోయే లోపాలకు ఒక హద్దు పెట్టండి: "ఒక గంట వెతుకుతాం, 350. దొరక్కపోతే మళ్లీ అడిగి ముందుకెళ్తాం." పని మీ దగ్గరే చేయించుకుంటే ఆ 350 లేబర్‌లో కలిపేస్తారా లేదా అన్నదీ అప్పుడే చెప్పండి.

కరెంటు పార్టులు స్పేర్ల షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. సీడీఐ (ప్లగ్గుకి స్పార్క్ అందించే యూనిట్), రెక్టిఫైయర్ (బ్యాటరీ ఛార్జింగ్ చూసేది), ఇగ్నిషన్ కాయిల్ అంచనా మీద కొని వేసి, తగ్గకపోతే ఆ భారం ఎవరో ఒకరి మీద పడుతుంది. ఎక్కువగా వచ్చే రెండు మూడు మోడళ్లకు మంచి స్థితిలో ఉన్న పార్టు ఒకటి చెక్ చేయడానికే షాపులో ఉంచుకోండి. అది వేసి బండి బాగైతే అప్పుడు కొత్తదానికి ఒప్పుకోలు అడగండి.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. స్కానర్ పెట్టి కోడు చదివితే ఆ ఛార్జీ విడిగా చెప్పండి. కోడు చెరిపేసే ముందు స్క్రీన్ ఫోటో తీయాలి. వారంటీలో ఉన్న బండి అయితే ఏదీ విప్పకముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లమని చెప్పడం మీ బాధ్యత. బయట విప్పితే వారంటీకి ఇబ్బంది రావొచ్చు.

6. ఎస్టిమేట్ రాసే తీరు, ఒప్పుకోలు అడిగే తీరు

దొరికినవన్నీ ఒకే జాబితాగా చదివితే కస్టమర్‌కి వినిపించేది చివరి మొత్తం ఒక్కటే. మూడుగా విడదీయండి. ఇప్పుడే చేయాల్సినవి: బ్రేకులు, టైరు, హ్యాండిల్ ఊగడం వంటి ప్రాణం మీదికి తెచ్చేవి, అతను చెప్పిన కంప్లైంటు. త్వరలో చేయాల్సినవి. ఆగినా ఫరవాలేనివి. మూడో రకాన్ని చెప్పడం వల్లే మొదటి రకం మీద నమ్మకం కుదురుతుంది.

మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"నమస్తే సార్. మీ బండి చూశాం. మీరు చెప్పిన చప్పుడు చైన్ దగ్గరిదే, స్ప్రాకెట్ పళ్లు వంగాయి, ఫోటో పంపాను. చైన్ సెట్ 1,150, లేబర్ 260, మొత్తం 1,410. వెనక బ్రేక్ షూలు అరిగిపోయాయి, 220, లేబర్ 90, మొత్తం 310. రెండూ కలిపి 1,720. హబ్ రబ్బర్లు ఇంకొన్నాళ్లు ఆగుతాయి, కానీ చక్రం ఇప్పుడు ఊడదీస్తాం కాబట్టి లేబర్ లేకుండా 160కే వేయొచ్చు. తర్వాతైతే లేబర్ 180 అదనం. ఏవేవి చేయమంటారు? మీరు చెప్పిన మొత్తం దాటితే మళ్లీ అడుగుతాం. 4 గంటల లోపు చెబితే ఈ సాయంత్రమే బండి ఇస్తాం."

ఇందులో పార్ట్, లేబర్ విడివిడిగా ఉన్నాయి, మొత్తం ఉంది, గడువు ఉంది, వద్దనడానికి వీలుంది. ఫోన్‌లో మాట్లాడితే మాట్లాడిన వెంటనే "ఇప్పుడు అనుకున్నట్టు 1,720కి రెండు పనులు" అని ఒక్క లైను మెసేజ్ పెట్టి "సరే" అనే జవాబు తీసుకోండి. చదవడం రాని పెద్దవాళ్లకు వాయిస్ మెసేజ్ పంపి, వాయిస్‌లోనే జవాబు అడగండి. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు వచ్చాయంటే చదివారని అర్థం, ఒప్పుకున్నారని కాదు. జవాబు లేకపోతే పని ఆగాలి, బండి పక్కన పెట్టి వేరే బండి ఎక్కించాలి.

స్పేర్ల ఖరీదు 2,000 దాటితే ఆ స్పేర్ల మొత్తాన్ని యూపీఐలో అడ్వాన్సు తీసుకోవడం మేలు. తెప్పించాక వద్దంటే మీ డబ్బు ఇరుక్కుపోదు.

7. ఇంజిన్ విప్పే పనులు: దశలవారీ ఒప్పుకోలు

ఎక్కువ డబ్బు, ఎక్కువ అనుమానం ఇక్కడే. పొగ వస్తోందని బండి తెస్తే విప్పకముందు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అయినా "విప్పితే గానీ తెలీదు" అని వదిలేయకూడదు.

విప్పకముందు చేయగలిగింది ఉంది. నిలబెట్టి ఉంచి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు పొగ వచ్చి తగ్గితే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తే రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) మీద. కంప్రెషన్ గేజ్‌తో చూసి, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగు బాగా పెరిగితే రింగులు లేదా బోరు వదులైనట్టు. ఈ పావుగంట పరీక్ష మీ అంచనాని సగం ఇరుకు చేస్తుంది.

తర్వాత కస్టమర్‌కి మెట్లుగా చెప్పండి:

మొదటి మెట్టు: హెడ్డు, బ్లాకు విప్పి కొలవడం, 800. పని కొనసాగిస్తే ఇది మొత్తం లేబర్‌లో కలిసిపోతుంది.

వద్దంటే: తిరిగి బిగించడానికి లేబర్ 600, కొత్త గాస్కెట్ల ఖరీదు అదనం. ఒకసారి విప్పిన హెడ్ గాస్కెట్ మళ్లీ వేస్తే లీకవుతుంది, అందుకే కొత్తది తప్పదు. విప్పే ముందు చెప్పకపోతే పెద్ద గొడవ అయ్యే మాట ఇదే.

రెండో మెట్టు, మూడు అవకాశాలు: రింగులు, వాల్వ్ సీల్స్, గాస్కెట్లతో సరిపోతే 2,900. బోరు, పిస్టన్ కిట్ అయితే 5,000. కింద కనెక్టింగ్ రాడ్డు, బేరింగులు కూడా పోతే 8,500. ఏది వచ్చినా 8,500 దాటదు, దాటేలా ఉంటే ఆపి అడుగుతాం.

విప్పాక బోర్ గేజ్ రీడింగు, పిస్టన్ మీద గీతలు ఫోటో తీసి పంపండి, లేదా రమ్మని చూపించండి. వచ్చి చూసిన కస్టమర్‌తో తగాదా చాలా అరుదు. బోరుకి 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు ఉంటాయి. ఇప్పటికే ఏ సైజు ఉందో పిస్టన్ తల మీద చూసి కార్డులో రాయండి. లోపల గట్టి పూత ఉన్న బ్లాకులకు మామూలు బోరు పని కుదరదు, బ్లాక్ కిట్టే వేయాలి. అంకె బాగా మారుతుంది కాబట్టి మోడల్ ఏదో చూసుకున్నాకే అంచనా చెప్పండి.

లేత్ పని బయటికి పంపుతారు. విజయవాడ ఆటోనగర్‌కో, మీ జిల్లా కేంద్రానికో బ్లాకు పోయి రావాలంటే ఒక రోజు, రవాణా ఖర్చు. లేత్ ఛార్జీ, రవాణా విడి లైన్లుగా చూపండి, లేబర్‌లో దాచవద్దు. బోరు చేయించాక రన్నింగ్‌లో మొదటి 500 కిలోమీటర్లు ఎలా నడపాలి, ఆయిల్ ఎప్పుడు మార్చాలి, ఆ ఆయిల్ ఖర్చు ఎవరిది అన్నది కూడా ఎస్టిమేట్‌లోనే ఉండాలి.

8. పని మధ్యలో కొత్త లోపం బయటపడితే

చేయి ఆపాలి, ఫోటో తీయాలి, ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టి, ఒప్పుకున్న పని వరకే పూర్తి చేయాలి. "ఎలాగూ విప్పాం కదా, వేసేద్దాం" అని మంచి మనసుతో చేసినా ఆ డబ్బు అడిగే హక్కు మీకు రాదు.

బ్రేకు పనిచేయని స్థితిలో ఉండి, కస్టమర్ వద్దంటే? బలవంతంగా మార్చలేరు. "ముందు బ్రేక్ ప్యాడ్లు పూర్తిగా అరిగాయి, మార్చమని చెప్పాం, వద్దన్నారు" అని బిల్లు మీద పెద్ద అక్షరాల్లో రాసి సంతకం తీసుకోండి. చాలామంది సంతకం పెట్టే ముందు మనసు మార్చుకుంటారు.

ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు క్లెయిము చేసే బండి అయితే ఒప్పుకోలు రెండు చోట్ల కావాలి, కస్టమర్ దగ్గరా, ఇన్సూరెన్సు కంపెనీ దగ్గరా. కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందు ఏదీ విప్పకండి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మామూలు పాలసీలో 50 శాతం తరుగు తీసేస్తారు. జీరో డిప్రిసియేషన్ పాలసీ కాకపోతే ఆ సగం కస్టమర్ చేతి నుంచే పెట్టుకోవాలని ముందే చెప్పండి.

9. బిల్లు, పన్ను, పాత సామాను

ఎస్టిమేట్‌లో ఉన్న వరుసలోనే బిల్లు ఉండాలి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. కస్టమర్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని షాపు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు, కాంపొజిషన్ పద్ధతిలో (టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పద్ధతి) ఉన్నవాళ్లు కూడా విడిగా వసూలు చేయరాదు. స్పేర్లూ లేబరూ రెండూ ఉండే షాపులకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 18 శాతం. పాత 28 శాతం లెక్కతో రేట్ల పట్టిక ఇంకా గోడ మీద ఉంటే మార్చండి.

మార్చిన పాత పార్టులన్నీ ఒక కవర్లో వేసి కస్టమర్‌కి చూపించండి. వద్దంటే అప్పుడు మీ స్క్రాపులో వేసుకోవచ్చు. పాత బ్యాటరీ మీద తగ్గింపు ఇస్తే అది బిల్లులో కనిపించాలి.

పని గ్యారంటీ రాతలో: లేబర్‌కి 30 రోజులు లేదా 1,000 కిలోమీటర్లు, పార్టుకి తయారీదారు ఇచ్చేది. అదే లోపం మళ్లీ వస్తే లేబర్ తీసుకోరు. వేరే లోపమైతే కొత్త జాబ్ కార్డు, కొత్త ఒప్పుకోలు.

10. డబ్బివ్వకుండా బండి వదిలేస్తే

1872 కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం, పని చేసినవాడికి తన కూలి అందేదాకా ఆ వస్తువుని తన దగ్గర ఉంచుకునే హక్కు ఉంది. ఆ హక్కు ఒప్పుకున్న పనికే. అడక్కుండా చేసిన పనికి బండి ఆపితే తప్పు మీదవుతుంది. ఉంచుకునే హక్కు ఉందని బండి వాడుకోవడం, పార్టులు తీయడం, అమ్మేయడం కుదరదు. పైగా 151వ సెక్షన్ ప్రకారం దాన్ని సొంత బండిలా జాగ్రత్తగా చూడాలి, కాబట్టి వానలో బయట పెట్టకండి. వారానికోసారి మెసేజ్ పెట్టి దాచుకోండి. ఉంచినందుకు రోజుకింత అని వసూలు చేయాలంటే అది జాబ్ కార్డు మీద మొదటి రోజే ఉండాలి.

11. నెలాఖరున ఒక గంట

ఆ నెల జాబ్ కార్డులు తీసి, ఎస్టిమేట్ ఒక వరుసలో, బిల్లు ఇంకో వరుసలో రాయండి. ఒకే పనిలో మూడు నాలుగుసార్లు బిల్లు ఎస్టిమేట్‌ని దాటితే ఆ పనికి మీరు వేసుకున్న సమయం తక్కువ. ఫోర్క్ సీల్స్, కోన్ సెట్, స్కూటర్ క్లచ్ దగ్గర ఇది ఎక్కువగా కనిపిస్తుంది. సమయం సరిచేసి గోడ మీది పట్టికలో రేటు మార్చండి. వద్దని వెనక్కి పోయిన ఎస్టిమేట్లు కూడా లెక్కపెట్టండి. ఇంజిన్ పనులే ఎక్కువగా పోతుంటే మొదటి మెట్టు 800 ఎక్కువగా ఉందేమో చూసుకోండి. చైన్ సెట్లు, బ్రేకులు కూడా పోతుంటే స్పేర్లు ఎక్కడ కొంటున్నారో, ఎంత తగ్గింపు దొరుకుతోందో ఇంకో హోల్‌సేల్ షాపులో అడిగి చూడండి.